ఆదివారం అంకెలు

"ఆదివారమొస్తే చాలు, నీకు ఆయాసం వచ్చేస్తాది" అంటూ బూజుకర్ర చేతికిచ్చింది అత్త మునివెంకటమ్మ.

నాగలక్ష్మి కర్ర అందుకుని బూజు దులపసాగింది. నాలుగు దులుపులకే ఊపిరి అందలేదు. ఆరు రోజులు స్కూల్లో గుమస్తా పని, ఏడో రోజు బూజులు, అటకలు, పరుపులు. పదకొండేళ్ళుగా ఇంతే. భర్త సొన్నప్పది బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆదివారం ఆయనకు సెలవు. "డాక్టరు ముందర బాగానే ఉంటావే. పని అనేసరికే ఎందుకొస్తాది?" అనేవాడు పేపరు మడిచి. విని విని ఆమెకూ అనుమానం పట్టుకుంది. నిజంగానే ఊపిరాడటం లేదా, లేక తనకు తెలియకుండా తన ఒళ్ళే నాటకమాడుతోందా?

తొంభైతొమ్మిది జనవరిలో ఆసుపత్రి నర్సు మార్త ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. ఊదితే ముల్లు జరిగి, ఊపిరి బలమెంతో అంకెలో చూపిస్తుంది; ఊపిరి బిగిసేకొద్దీ అంకె తగ్గుతుంది. "ఎవురేమన్నా అననీమ్మా. పొద్దున, సాయంత్రం ఊది రాసుకో. తగ్గిన దినం ఏం చేసినావో పక్కన రాయి. రెండువందల యాభై కంటే కిందికి పడితే పని ఆపేసి మందు పీల్చుకో. ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు."

నెల తిరిగేసరికి కాగితం మీద ప్రతి ఆదివారం దగ్గరా అంకె గుంటలో పడ్డట్టు దిగిపోయింది. నాగలక్ష్మి దాన్నీ నమ్మలేదు. తానే కావాలని మెల్లగా ఊదుతోందేమో! మరుసటి ఆదివారం కళ్ళు తిరిగేంత గట్టిగా ఊదింది. రెండువందల ఇరవై.

ఆ కాగితం సొన్నప్ప కంటపడింది. "ఇవన్నీ నువ్వే రాసుకుంటివా?"

"నేనే ఊదినా, నేనే రాసినా."

"నా ఎదురుగా ఊదు, చూస్తా."

ఆ వచ్చే ఆదివారం పొద్దున ఆయన ఎదుట ఊదితే మూడువందల నలభై వచ్చింది. మిద్దె మీద రెండు పరుపులు బాదాక రెండువందల పది. సొన్నప్ప గొట్టాన్ని విదిలించి చూశాడు. "ఇది చెడిపోయినట్టుండాది" అని తానే ఊదాడు. ఐదువందల అరవై. మళ్ళీ ఊదాడు. అంతే వచ్చింది.

ముల్లును మళ్ళీ సున్నాకు జరిపాడు. తర్వాత గొట్టం ఆమె నోటి దగ్గర పెట్టాడు. "ఇంకోసారి ఊదు. ఈసారి నేను పట్టుకుంటా."

నాగలక్ష్మి ఆ చేతిని పక్కకు నెట్టి, ఇన్‌హేలరు తీసి మందు పీల్చింది. ఊపిరి బిగబట్టి పది లెక్కపెట్టింది. ఆ పది అంకెల్లో ఆమెకు అర్థమైపోయింది: అంకె నిజమైతే గొట్టాన్ని అనుమానిస్తాడు, గొట్టం మంచిదైతే ఊదే నోటిని. పదకొండేళ్ళుగా తాను సాక్ష్యం చెబుతూనే ఉంది. తీర్పు మాత్రం రాలేదు.

"మీరు నమ్మాలని ఊదేది కాదు" అంది. "నేనెప్పుడు ఆపల్లో తెలుసుకునేదానికి."

మూడో పరుపును అక్కడే ఎండలో వదిలేసి, నెమ్మదిగా మెట్లు దిగిపోయింది.