మామిడిపల్లి మలుపు దగ్గరి చెయ్యి

ఆ పొద్దున ముఖీత్ చెయ్యి చాపితే పూర్ణిమ చూసి కూడా చూడనట్టు పోయింది. ఈ మాట ఆమె ఇంతవరకు నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు.

రోజూ ఆరున్నరకు ఆమె మామిడిపల్లి నుంచి ఎయిర్‌పోర్టు కార్గోకు బండి మీద పోయేది. అక్కడే నైట్ డ్యూటీ దిగి అతను ఎదురొచ్చేవాడు. ఒకరి పేరు ఒకరికి తెలియదు, చేతులకే పరిచయం. రెండు వేళ్ళు చాపితే అంతా మంచిదే. హెల్మెట్ మీద తట్టుకుంటే ముందర పోలీసులున్నారు. అరచెయ్యి కిందికి అదిమితే, మెల్లగ, రోడ్డు బాగాలేదు. అతని గ్లౌజుకు బొటనవేలి దగ్గర చిరుగు ఉండేది.

ఆ దోవలో జవాబు దొరకని చెయ్యి అక్కడే ఆగిపోతుంది, గాలిలో, మణికట్టు దాకా. బండి నడిపేవాళ్ళకే కనబడుతుంది. మహేశ్వరం దాకా అట్లాంటివి పదో పన్నెండో ఉంటాయి. పాలబండ్లవాళ్ళు వాటికి తగలకుండా జర పక్కకు తీసుకుంటారు. కొత్తవాళ్ళెవరైనా అడిగితే మెకానిక్ ఐలయ్య స్పానర్ తుడుచుకుంటూ, "ఎవలో పలకలే. నీకైతే పలుకు, లేకుంటె సైడిచ్చి పో" అంటాడు.

ముందు రోజు కార్గో గేటు దగ్గర చాయ్ తాగుతుంటే, తోటి పనివాడు శివశంకర్ అందరి ముందర అందుకున్నాడు.

"ఏంది పూర్ణిమా, రోజు పొద్దుగాల చేతులూపుడేనట? పప్పన్నం ఎప్పుడు పెడ్తవ్?"

"గట్ల మాట్లాడకు అన్నా."

అందరూ నవ్వారు. ఆమెకు చెవులు కాలిపోయాయి.

ఆ పొద్దున మలుపులో టిప్పర్ జార్చిపోయిన కంకర మీద ఆమె బండే పడబోయి నిలబడింది. మలుపు దాటగానే అతను ఎదురయ్యాడు. ఆమె అరచెయ్యి అదమాలి. అతను రెండు వేళ్ళు చాపాడు. ఆమె రెండు చేతులూ హ్యాండిల్ మీదనే బిగించి, తిన్నగా ముందుకు చూస్తూ పోయింది. అద్దంలో అతను మలుపు తిరగడం కనబడింది. తర్వాత చప్పుడు. డ్యూటీకి లేటవుతుందని తనకు తాను చెప్పుకుంది.

మధ్యాహ్నానికి కార్గో అంతా అదే మాట. "మామిడిపల్లి మలుపులో ముఖీత్ పోయిండు. డబుల్ డ్యూటీ కదా, బండి మీదనే నిద్ర పట్టిందట."

మర్నాటి నుంచి మలుపు ముందర ఒక చెయ్యి. రెండు వేళ్ళు చాపి, బొటనవేలి దగ్గర చిరిగిన గ్లౌజుతో. వానకు తడిసేది, ఎండకు ఆరేది. పూర్ణిమ తల వంచుకుని పక్కనుంచి పోయేది.

ముఖీత్ అమ్మ హమీదా పహాడీ షరీఫ్‌లో బండ్ల సీటు కవర్లు కుడుతుందని ఎవరో అన్నారు. మూడు నెలలు ఆగి, పూర్ణిమ తన సీటు కవరు తానే బ్లేడుతో కోసుకుని అక్కడికి పోయింది.

"గిదెట్ల చినిగింది బేటా? కోసినట్టున్నది."

"ఏమోనమ్మా, చూసుకోలే."

మిషన్ తొక్కుతూ హమీదా అడగకుండానే చెప్పింది. "నా కొడుకు సీటు గూడ నేనే కుట్టిన. రోజంత కూసుంటడని మెత్తగ కుట్టిన. గందుకే నిద్రొచ్చిందేమో. డబుల్ డ్యూటీ చెయ్యమన్నది గూడ నేనే. నా చేతులతోని నేనే చంపుకున్న."

పూర్ణిమ నోరు తెరిచింది.

"దారం నల్లదే వెయ్యమ్మా" అంది.

హమీదా సీటు అడుగున చాక్‌పీసుతో నంబరు రాసింది. "కుట్టు ఊడితే ఫోన్ చెయ్ బేటా."

ఈ నెల పూర్ణిమకు నైట్ డ్యూటీ పడ్డది. ఇప్పుడు ముఖీత్ వచ్చిన దిక్కు నుంచే, ముఖీత్ వచ్చిన టైముకే ఇంటికి వస్తుంది. ఇయ్యాల మంచు. కండ్లు మూసుకుపోతున్నాయి. మలుపు దగ్గరికొచ్చేసరికి ఆ చెయ్యి రోజూ ఉన్నట్టు లేదు. ఆమె దిక్కు తిరిగి, అరచెయ్యి కిందికి అదిమి ఉంది. ఒకసారి అదిమింది. ఇంకోసారి, గట్టిగా.

బ్రేకు మీద కాలు దానంతట అదే పడింది. బండి ఆగినచోటికి మూరెడు దూరంలో, రోడ్డుకు అడ్డంగా కంకర.

ఆమె దిగి, వెనక్కి నడిచి, చెయ్యి ముందర నిలబడి రెండు వేళ్ళు చాపింది. గ్లౌజు చెయ్యి మెల్లగా కిందికి వాలింది, బరువు దించుకున్నట్టు. తర్వాత అక్కడ మంచు తప్ప ఏమీ లేదు.

ఆ పొద్దున ముఖీత్ మెలకువగానే ఉన్నాడని తెలిసింది ఇగ ఈ లోకంలో ఆమె ఒక్కతికే.

సీటు ఎత్తింది. చాక్‌పీసు సగం చెరిగింది. చివరి అంకె ఒకటో ఏడో తెలియడం లేదు. ముందు ఒకటితో చేద్దాం, కాకపోతే ఏడుతో. కుట్టు ఊడలేదమ్మా, అని మొదలుపెట్టాలి అనుకుంటూ తన గ్లౌజు తీసి ఫోన్ చేతిలోకి తీసుకుంది.