అప్పు తెచ్చుకున్న తమ్ముడు

నిన్న మొన్నటిదాకా రాజోలు పక్క ఆ ఊళ్లో బాబ్జీని అమాయకుడనేవారు, విసుగొస్తే వెర్రిబాగులవాడనేవారు. అలా అంటూనే పిలిచి అన్నం పెట్టేవారు. ఎవరో మహానుభావుడు ‘మెంటల్’ అన్నాడు. ఆ ఇంగ్లీషు ముక్క వైనతేయ నది దాటి కొత్తపేట దాకా పాకి, అతని అక్క ప్రసన్నకు వచ్చిన రెండు సంబంధాలు చెడగొట్టింది.

మూడోదైనా నిలబెట్టాలని తండ్రి సత్తిరాజు ఓ ఏర్పాటు చేశాడు. పెళ్లిచూపుల వేళకు బాబ్జీని పెరట్లో కొబ్బరికాయల పాకలో కూర్చోబెట్టి గడియ పెట్టాడు. ప్రసన్న పిన్ని కొడుకు సాయికుమార్‌ని తమ్ముడిగా చూపిస్తారట. పెళ్లిలో పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పోయాల్సింది తమ్ముడే కాబట్టి, అప్పుడూ వీడే పోస్తాడట. పెద్దల తెలివి మరి! ప్రసన్నకు ఒళ్లు మండింది. కానీ ముప్పై దగ్గర పడుతోందని రోజూ దెప్పే ఇంట్లో నోరు పెగల్లేదు.

పెళ్లికొడుకు శ్యామ్ సుందర్ మంచివాడిలాగే ఉన్నాడు. ఇతనూ చేజారతాడేమోనని, అదే ఆమెను మరీ భయపెట్టింది. అతని తల్లి మంగాయమ్మ సాయికుమార్ చదువు అడిగింది. ఇంజనీరింగనీ, బ్రెయిన్ షార్పనీ సత్తిరాజు గొప్పగా చెప్పాడు.

“మీ అబ్బాయికి మైండ్ సరిగా లేదన్నారండీ ఎవరో. ఈ బాబు బాగానే ఉన్నాడు. ఇంకో అబ్బాయి గానీ ఉన్నాడాండీ?” అంది మంగాయమ్మ.

“లేడండి. మాకు ఈడొక్కడేనండి” అన్నాడు సత్తిరాజు.

ప్రసన్న తల దించుకుని కూర్చుంటే పెళ్లయిపోతుంది. ఆ తర్వాత పండక్కొచ్చినా, పురిటికొచ్చినా తమ్ముడి మీద గడియ పడుతూనే ఉంటుంది. లేస్తే మాత్రం ఇదే ఆఖరి సంబంధం కావచ్చు. కదలొద్దని తల్లి కళ్లతోనే బతిమాలుతోంది.

ఆమె లేచింది. ఎవరూ ఆపేలోగా పెరట్లోకి వెళ్లి గడియ తీసింది. ఏమైందోనని మగపెళ్లివారంతా వెనకే వచ్చారు.

బాబ్జీ చెమటతో తడిసిపోయి, రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. అక్కను చూసి చేతులు తీశాడు.

“ఆళ్లు ఎల్లిపోయేరా అక్కా? దగ్గొచ్చినా నేను దగ్గలేదు.”

వెనక మంగాయమ్మ ‘మెంటలే’ అనడం వినబడింది. ప్రసన్నకు ఏడుపు పొంగుకొచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని లేపింది.

“ఉన్నార్రా. నీకు దగ్గొస్తే దగ్గు” అంది, అందరికీ వినబడేలా.