దాలమ్మ పెట్టిన గొళ్ళెం

శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు అనూరాధ కంప్యూటరు తెర మీద ఈశ్వర్ గుండె రక్తనాళం చూపించి, అది సన్నబడిన చోట వేలు పెట్టింది. ఈశ్వర్‌కి ముప్పై ఎనిమిదేళ్ళు, సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. పక్కన తల్లి దాలమ్మ కూర్చుంది.

"ఇది ఉత్త కొవ్వే కాదమ్మా. చుట్ట పొగకి నాళం గోడ దెబ్బతింటే అందులో కొవ్వు దూరుతుంది. దాన్ని తినేసి శుభ్రం చెయ్యడానికి ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలు లోపలికెళ్తాయి. తినీ తినీ ఉబ్బి, బయటికి రాలేక అక్కడే చస్తాయి. వాటిని ఎత్తెయ్యడానికి ఇంకొన్ని వెళ్తాయి, అవీ చస్తాయి. ఆ కుప్పే ఇది. దీని పైపొర చిట్లిందంటే రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది."

"అంటే మంచి సెయ్యడానికి ఎల్లినవే సంపుతన్నాయేటమ్మా?" అంది దాలమ్మ.

ఆమె మొగుడు నూకయ్య మునిగిపోతున్నవాణ్ణి లాగబోయి, వాడితోపాటే శవమై ఒడ్డుకొచ్చాడు.

స్టెంటు వెయ్యడానికి గురువారం రమ్మన్నారు. అందాకా మాత్రలు మానకూడదు, ఒళ్ళు అలవకూడదు.

బుధవారం పొద్దున్నే ఒడ్డున కేకలు. దాలమ్మ కూతురు ఝాన్సీ మొగుడు పోతురాజు పడవ కెరటానికి బోల్తా కొట్టింది. ఈశ్వర్ మంచం దిగాడు.

"ఎల్లకురా! ఊర్లో నీ ఒక్కడికే ఈతొచ్చేటి?"

"నా సెల్లి మొగుడే అమ్మా! అడ్డు లే!"

ఎవరైనా కేకేస్తే ఆగడం ఆ ఇంటి మగాళ్ళకు చేతకాదు. ఊరంతా అది గొప్పంటుంది, ఏడ్చేది మాత్రం ఆడవాళ్ళు. అతను చొక్కా విప్పుతుండగానే దాలమ్మ బయటికొచ్చి, తలుపు లాగి గొళ్ళెం పెట్టేసి, గుమ్మంలో కూలబడింది.

ఈశ్వర్ తలుపు బాదాడు. భుజంతో గుద్దాడు. తల్లిని నోటికొచ్చినట్టు తిట్టాడు. వీపు వెనక చెక్క అదురుతున్నా ఆమె కదల్లేదు. తిట్టుకో నాయనా, బతికుండి తిట్టుకో, అనుకుంది. కాసేపటికి చప్పుడాగింది. అలిగి పడుకున్నాడనుకుని గంగమ్మకు దండం పెట్టుకుంది.

ఇంతలో పోతురాజే తడిబట్టలతో వచ్చి నిలబడ్డాడు. నుదురు చిట్లింది, అంతే. పక్క పడవవాళ్ళు లాగేశారట.

"అత్తా, బావేడి? కేకేస్తే పరిగెత్తుకొచ్చీవోడు, ఇయ్యాల రాలేదేటి?"

"తొంగున్నాడు," అంటూ దాలమ్మ గొళ్ళెం తీసి తలుపు తోసింది. అది జానెడు కదిలి ఆగిపోయింది. ఈశ్వర్ దానికే ఆనుకుని పడి ఉన్నాడు. ఆమె సందులోంచి చెయ్యి పెట్టి కొడుకు మొహం తడిమింది. చల్లగా ఉంది.

"తిట్టరా," అంది. "ఒక్కపాలి తిట్టరా నాయనా."