నిలబడుడు నేర్పిన హాకీ

ఆశన్న ఉరుకుతున్నడు. వాని వెనుక దొర కచ్చురం, దానికి కట్టిన జోడెడ్లు. బోధన్ పోయినా, నిజామాబాద్ పోయినా, దొర బయలెల్లిండంటె కచ్చురం ముంగట మా ఊరోడొకడు ఉరకాలె. "తప్పుకోండ్రి, దొర వస్తుండు" అని ఒర్రుకుంట ఉరకాలె. అది వెట్టి. కూలి లేదు, బువ్వ లేదు. వెట్టి బందని సర్కారు ఎన్నడో హుకుమిచ్చిందంటరు. ఆ హుకుం మా ఊరి పొలిమేర దాటి లోపటికి రాలేదు.

ఎండాకాలం. సడక్ మీద కంకర కాలుతున్నది. కాలువ మోరీ కాడ ఆశన్న బోర్ల పడ్డడు. దొర జవాను దిగివచ్చి ముల్లుగర్రతోని పొడిచిండు, ఎడ్లను పొడిచినట్టె. ఆశన్న లేచి మళ్ల ఉరికిండు.

ఫ్యాక్టరీకి చెరుకు తోలే బండ్ల కాడ నిలబడి మేమందరం చూసినం. మా పక్కన ఇంకొక మనిషి నిలబడి చూస్తున్నడు, నెత్తి మీద ట్రంకుపెట్టె. ఆయన పేరు రామ్‌దాస్. మా వాడకట్టోడే. సికింద్రాబాద్ పల్టన్ల సిపాయిగ చేసిండు, పల్టన్ తరఫున హాకీ ఆడిండు. మోకాలు చెడిపోతె ఇంటికి తోలిండ్రు.

ట్రంకు దించి, "గా పిలగాని కాళ్లు సూసిండ్రా?" అన్నడు.

"కాళ్లు కాదు కాకా, కాళ్ల నెత్తురు సూడు" అన్నడు వెంకటి. వెంకటి మా తోటి చెరుకు కొట్టెటోడు, మాటకు మాట చెప్పెటోడు.

రామ్‌దాస్ కాక వారం తిరుగకముందే కాలువ పక్కన, చెరుకు కొట్టేసిన బీడు మడిల మమ్ముల జమచేసిండు. చెరుకు మొదళ్లన్ని తవ్వి పారేసినం. తుమ్మకొమ్మలు నిప్పుల కాపి వంచి హాకీ కట్టెలు చేసినం. వెదురు దుబ్బ చెక్కితె చెండయ్యింది. పొద్దుమీకి చెరుకు పనికెల్లి వచ్చి, చేతులు మొద్దుబారినోళ్లం, ఆట మొదలువెట్టినం.

మొదట్ల మాకు ఆటంటె చెండు వెంబడి మందలెక్క పడుడే. చెండుకన్న ఎక్కువ మా మోకాటి చిప్పలే కొట్టుకున్నం. కాక ఒక్క తాన కూసునెటోడు కాదు. కుంటుకుంట ఆ మూలకెల్లి ఈ మూలకు తిరిగెటోడు, ఆపెటోడు, మళ్ల ఆడిపిచ్చెటోడు. ఒక కట్టడి పెట్టిండు. మడిల దిగినంక ఎవలు ఎవలినైనా పేరు పెట్టే పిలువాలె. పటేల్ల పిలగాడు చెండు పట్టుకుంటె, గోల్ కాడ నిలబడ్డ మాదిగ దేవన్నకు నోరు పెగిలేది కాదు. "పటేలా అనేలోపట చెండు పోతది. పేరు పెట్టి పిలువు" అన్నడు కాక. దేవన్న పిలిచిండు. మొగులు విరిగి మీద పడలేదు.

అందరికన్న కష్టమైంది ఆశన్నతోని. వాని ఉరుకుడు ఎవ్వరికి అందేది కాదు. చెండు దొరికిందంటె తల వంచుకోని ఒక్కడే ఉరికెటోడు, ఆఖరికి ఎదుటోనికే అప్పజెప్పెటోడు. వెనుక యాడన్న ఎడ్ల గంటలు వినవడితె చాలు, వాని కాళ్లు వాటంతటవే కదిలేటివి. కాక వాన్ని మడి నడుమ నిలబెట్టి, అక్కడికెల్లి కదలకుంట చెండు ఆపుడు, ఇచ్చుడు, మళ్ల ఆపుడు చేయించిండు. ఆశన్న కోపానికొచ్చి కట్టె విసిరేసిండు.

"ఉరుకుడు నీకు దొర నేర్పిండు" అన్నడు కాక. "నిలబడుడు నేను నేర్పుత. మనిషికన్న చెండు జోరుగ పోతది, దాన్ని పోనియ్యి. నువ్వు తలకాయెత్తి మనోడు యాడున్నడో సూడు."

ఆశన్న ఆనాడు ఇంటికి పోయిండు. తెల్లారి మళ్ల వచ్చి కట్టె ఎత్తుకున్నడు.

వానకాలం పోయి చలి దిగేటాళ్లకు చుట్టుపక్కల ఊర్లు మా ఆట చూడవట్టినయి. సంగతి దొరకు చేరింది. నిజామాబాద్‌ల పెద్దపెద్దోళ్ల ముంగట హాకీ పోటీ ఉన్నది, దొరలు తలా ఒక జట్టును దించుతున్నరు. దొర మమ్ముల గడీకి పిలిచిండు. తన పేరు మీద ఆడుమన్నడు, పచ్చ అంగీలు కుట్టిస్తనన్నడు. ఆడెటోళ్లకు వెట్టి మాఫ్ అన్నడు.

ఆశన్న తల్లి లింగవ్వ ఇంటి ముంగట అందరం కూడినం. పదకొండిండ్లన్న ఊపిరి పీల్చుకుంటయని వెంకటి వాదించిండు. మీ వంతు వెట్టి ఎవరు చెయ్యాలె అని లింగవ్వ అడిగింది. ఆ మాట మీద అరుపులు లేచినయి. కాకనే తేల్చుమని ఆయన దిక్కు చూసినం. జట్టు మీది, మీరే తేల్చుకోవాలె అన్నడు. తేల్చుకున్నం. అంగీలు తొడుక్కున్నం.

తర్వాత వచ్చిన అంగడినాడు కచ్చురం ముంగట పోశన్న ఉరికిండు. పోశన్న మా దేవన్న బాపు. ఉబ్బసం మనిషి. బోధన్ పోయి తిరిగొచ్చినంక అరుగు మీద కూలవడ్డడు. పాణం నిలువలేదు.

మట్టి చేసినంక దేవన్న సీద మడికే వచ్చిండు. కట్టె పట్టుకోలేదు. మా నడుమ నిలబడి, "మా బాపు నా బదులు ఉరికిండు" అన్నడు.

వెంకటి తల వంచుకున్నడు. వాని కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి. తొడిగిన అంగీ గుంజి పారేయబోయిండు. లింగవ్వ వాని చెయ్యి పట్టింది. "ఈడ పారేస్తె ఎవలు సూస్తరు? మాఫంటె అందరికి మాఫ్ కావాలె. లేకపోతె ఒకని మెడకెల్లి తీసి ఇంకొకని మెడకు కట్టుడే. గది నలుగురు సూసే కాడ అనుండ్రి."

నిజామాబాద్ మైదానం నిండ జనం. రేల్వే హమాలీలు, బీడీ కార్ఖాన ఆడోళ్లు, బడి పిల్లలు చుట్టు కట్టిన తాళ్లు పట్టుకోని నిలబడ్డరు. దొరలు కుర్చీలల్ల కూసున్నరు. మా ఎదురుంగ నవీపేట్ జట్టు. వాళ్లవీ ఒక దొర కుట్టిచ్చిన అంగీలే. వాళ్ల మడిమెలు చూసినం, మా లెక్కనే పగిలి ఉన్నయి.

ముందుగాల వాళ్లే గోల్ కొట్టిండ్రు. మేము మళ్ల మందలెక్క చెండు వెంబడి పడ్డం. ఆశన్నకు చెండు దొరికింది, తల వంచుకోని ఉరుకవట్టిండు. "నిలబడు" అని కాక ఒక్క కేక వేసిండు. ఆశన్న నిలబడ్డడు. వాని మీదికి దూకొచ్చిన ఇద్దరు ఆగలేక ముంగటికి ఉరికిపోయిండ్రు. వాడు తలెత్తి చూసి చెండు వెంకటికిచ్చిండు. వెంకటి గోల్ కొట్టిండు. ఆ తర్వాత చెండు ఒక్కని కాడ నిలువలేదు. పేరు పేరున పిలుచుకున్నం, ఇచ్చుకున్నం, గెలిచినం.

కప్పు తీసుకునేటందుకు దొర లేచిండు. ఆశన్న ఆయనకు అడ్డంగ పోయి, జనం దిక్కు మర్రిండు.

"మేము దొర కచ్చురం ముంగట ఉరికెటోళ్లం. ఈ దేవన్న బాపు గట్లనే ఉరికి సచ్చిండు. మా పదకొండు మందికి మాఫ్ వద్దు. ఊరందరికి వెట్టి బంద్ గావాలె."

అంగీ విప్పి కుర్చీ ముంగట వేసిండు. మేమందరం విప్పినం. బీడీలు చుట్టే గంగుబాయి అనే ఆమె తాడు ఎత్తి లోపటికి వచ్చింది, ఆమె వెనుక కార్ఖాన ఆడోళ్లందరు వచ్చిండ్రు. నవీపేట్ పిలగాండ్లు ఒకని మొకం ఒకడు చూసుకున్నరు. ఇగ వాళ్ల చేతులు కూడ గుండీల మీదికి పోయినయి.

పోలీసులు మమ్ముల ముట్టలేదు. పిల్లల్ని రెచ్చగొట్టిండని రామ్‌దాస్ కాకను పట్టుకున్నరు. చేతులు కట్టి తీసుకపోతుంటె ఆయన మా దిక్కు చూసి, "ఎవలు యాడ నిలబడాల్నో మీకెరుకే" అన్నడు. ఠాణా దాక జనమంత వెంట నడిచిండ్రు. కాకను ఇడువలేదు.

తెల్లారి గడీకెల్లి కచ్చురం బయలెల్లింది. ఉరికెటోడు రావాలని జవాను ఒర్రిండు. ఒక్క ఇంట్లకెల్లి ఒక్కడు రాలేదు. లింగవ్వ వచ్చింది. సడక్ నడుమ ఎడ్లకు ఎదురుంగ నిలబడ్డది. పోశన్న పెండ్లాం దేవవ్వ వచ్చి ఆమె పక్కన నిలబడ్డది. మేము కాలువ గట్టు నుంచి కంచె దాక సందు లేకుంట పరుచుకున్నం. జవాను ముల్లుగర్ర ఎత్తిండు. దేవవ్వ కదలలేదు, వాని చెయ్యి గాలిల ఆగింది. దొర కచ్చురం దిగి గడీకి నడిచిపోయిండు.

దాని బాకీ మా వీపుల మీద తీర్చుకున్నరు. ఇండ్లు సోదా చేసిండ్రు, ఆశన్ననూ తీసుకపోయిండ్రు. కాక ఇంక జైల్లనే ఉన్నడు. కచ్చురం మాత్రం మళ్ల బయలెల్లలేదు.

ఒకనాడు నవీపేట్ పిలగాండ్లు హాకీ కట్టెలు పట్టుకోని నడిచొచ్చిండ్రు. ఓడిపోయిన ఆట మళ్ల ఆడుతందుకు వచ్చిండ్రనుకున్నం. వాళ్ల పెద్దోడు భోజన్న కట్టె గట్టు మీద పెట్టి కూసున్నడు.

"ఆట తర్వాత ఆడుదం" అన్నడు. "కచ్చురానికి అడ్డం ఎట్ల నిలబడ్డరో గది నేర్పుండ్రి."

దేవన్న లేచి, కట్టె కొనతోని మట్టిల సడక్ గీసిండు. అందరం చుట్టు కూడినం.