అంటుకోని గుడ్డ

అత్త మడమ మీది పుండు మొండికేసినన్నాళ్లూ పెద్ద కోడలికి ఆ ఇంట్లో ఒక పీట ఉండేది. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి రాగానే ఆ పీట మంచం దగ్గరికి లాక్కుని, అత్త కాలు ఒళ్లో పెట్టుకునేది. గాజుగుడ్డ పుండుకి అంటుకుపోయి ఉండేది. కాచి చల్లార్చిన నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ, అంచు నానేదాకా ఓపిక పట్టాలి. నొప్పి మరిచిపోవడానికి అత్త కబుర్లు చెప్పేది. పోయిన మామగారి గురక, ఆడపడుచు పిసినారితనం, అన్నీ ఆమెకి ఆ పీట మీదే తెలిశాయి. నొప్పి మరీ మించితే అత్త ఆమె భుజం పట్టుకునేది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక్క మంచిమాటకైనా నోచుకోని మనిషికి ఆ పట్టు తక్కువేం కాదు.

ఆ పీటకి ఎసరు పెట్టింది చిన్న కోడలు.

ఇద్దరికీ పని కట్టుగుడ్డల ఫ్యాక్టరీలోనే. పెద్దామె బ్లీచింగ్ షెడ్డులో నూలుగుడ్డని ఉడికించి, జిడ్డు వదిలించి, తెల్లగా చేసి పంపుతుంది. చిన్నామె అద్దాల తలుపుల గదిలో అదే గుడ్డని కాస్టిక్ సోడాలో, ఆ పైన ఒక ఘాటు ఆమ్లంలో నానబెట్టి, స్పిరిట్‌తో కడిగి ఆరబెడుతుంది. చూడ్డానికి మళ్లీ అదే గుడ్డ. తడి తగిలితే మాత్రం పీల్చుకుని జిగురుముద్దలా మెత్తబడుతుంది. పుండుకి అంటుకోదు. డాక్టరు సరేనన్నాక చిన్నామె ఒక గుడ్డ తెచ్చి అత్త కాలికి పెట్టింది. మర్నాడు తీస్తే అరటిపండు తొక్కలా వచ్చేసింది. అత్త బోసినోరు తెరిచి నవ్వి, "తీసినట్టే తెలీలేదే చిన్నదానా" అంది.

పెద్ద కోడలి చేతిలో నీళ్లగిన్నె అలాగే ఉండిపోయింది.

ఆనాటి నుంచి ఇంట్లో ఎక్కడ విన్నా ఆ గుడ్డ మాటే. మరిది ఎదురింటివాళ్లకి కూడా చెప్పుకున్నాడు. పెద్దామెకి ఒళ్లు మండిపోయేది. తాను జిడ్డు వదిలించకపోతే ఆ సోడా, ఆమ్లం గుడ్డకి ఎలా పడతాయని మొగుడి దగ్గర వాపోతే, "అయితే పత్తిచెట్టుకి కూడా దండ వేద్దామా" అన్నాడతను. ఆ పూట అతనికి మాడిన కూరే దక్కింది. పుండు కొత్త కండ పట్టి దగ్గరపడుతోంది. సంతోషించాల్సిన విషయమే. ఆమెకి సంతోషం రాలేదు.

ఒకరోజు చిన్నామెకి పని ఆలస్యమై, కట్టు మార్చమని అక్కకి కబురు పెట్టింది. డబ్బాలో ఆమె గుడ్డలున్నాయి. పెద్దామె చెయ్యి వాటిదాకా వెళ్లి, పక్కనున్న మామూలు గాజుగుడ్డ మీద పడింది. అత్త గోడవైపు తిరిగి కళ్లు మూసుకుని ఉంది. పెద్దామె ఆ గుడ్డే పుండు మీద వేసి, పైన ఎప్పటిలాగే పట్టీ చుట్టేసింది.

మర్నాటి సాయంత్రం తోడికోడలి కన్నా ముందే వచ్చి పీట లాక్కుంది. గుడ్డ అంటుకుని ఉంది. నీళ్లు పోసి నానబెట్టింది. అత్త చెయ్యి వచ్చి భుజం మీద పడింది. ఎన్నాళ్లకి, అనుకుంది. ఆ వేళ్లు నొప్పికి భుజంలోకి దిగుతున్నాయని కాసేపటికి గాని తెలియలేదు. గుడ్డ అంచు లేస్తూ లేస్తూ కొత్త కండని కూడా లాక్కొచ్చింది. రక్తం చిమ్మింది. అత్త ఈసారి కబుర్లేమీ చెప్పలేదు.

"ఇది చిన్నదాని గుడ్డ కాదు కదూ" అంది చివరికి.

పెద్ద కోడలు వంగి రక్తం అద్దసాగింది.

"నా దగ్గర కూర్చోవాలనుంటే ఊరికే వచ్చి కూర్చోవే. దానికి నా కాలు పుండయ్యే ఉండాలా?"

అంతలో చిన్నామె వచ్చింది. రక్తం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఎవరినీ ఏమీ అడగలేదు, తన గుడ్డనే అనుమానించింది. సరిగా కడగలేదేమో, సోడా మిగిలిపోయిందేమో అని గొణుక్కుంది. అవే గుడ్డలు రేపు ఆస్పత్రికి వెళ్లాలట. ఆపించేసి, మొత్తం పారేయమని చెబుతానంటూ డబ్బా దగ్గర కూర్చుంది. అత్త పెద్ద కోడలి వైపు చూసింది.

తాను నోరు మెదపకుండా ఉంటే చాలు, పీట మళ్లీ తనదే. ఆ ఆలోచన తియ్యగానే ఉంది. చిన్నామె డబ్బాలోంచి గుడ్డ తీసి నీళ్లగిన్నెలో ముంచి, వేళ్ల మధ్య నలిపి చూసింది. చక్కగా మెత్తబడింది. అయినా నమ్మకం కుదరక ఇంకొకటి ముంచింది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఆపు. అన్నీ తగలేస్తావా?" అంది పెద్దామె. "నిన్న పెట్టింది నీ గుడ్డ కాదు. మామూలుది. నేనే పెట్టాను."

చిన్నామె చేతిలోని తడిగుడ్డని గిన్నెలో వదిలేసింది. "ఎందుకక్కా?"

"అత్తనే అడుగు."

"నా కబుర్లు లేక దానికి పొద్దుపోవట్లేదట" అంది అత్త.

చిన్నామె నవ్వలేదు. డబ్బాలోంచి పొడిగుడ్డ తీసి అక్క చేతిలో పెట్టి, మీరే వేయండి, నేను చూస్తాను అన్నట్టు నిలబడింది. పెద్దామె పుండు మీద పరిచింది. తడి తగిలి గుడ్డ ఆమె వేళ్ల కిందే మెత్తబడింది. ఎంత బాగుందో పాడుగుడ్డ, అనుకుంది.

పట్టీ చుట్టడం అయిపోయింది. అత్త మాత్రం కాలు ఆమె ఒళ్లోంచి తీసుకోలేదు. మామగారి గురక కబురు మళ్లీ మొదటినుంచి అందుకుంది. చిన్న కోడలు కాసేపు చూసి, మొహం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.