పదిహేడో గడి

టీచరుగారి కొట్టు ఉదయం తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఫొటోలు దిగడానికి తెల్లగుడ్డ కట్టిన గోడ, దాని ముందు ఒక కాలు పొట్టిదైన స్టూలు. ఒకప్పుడు ఆవిడ టైపు నేర్పేవారు. నేర్చుకునేవాళ్ళు కరువయ్యాక ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం మొదలుపెట్టారు. ఆవిడ దరఖాస్తులో ఏది కొడితే అది, ఆఖరి బటన్ నొక్కగానే నిజమైపోతుంది. ఆ సంగతి వీధంతటికీ తెలుసు. అందుకే అందరూ కళ్ళజోడు మరిచిపోకుండా వస్తారు.

పోస్టుమాన్ ఎడమ చెంప మీది పుట్టుమచ్చని ఓసారి పొరపాటున కుడి అని కొట్టారు. అప్పట్నుంచి ఆయన గడ్డం గీసుకునేటప్పుడు కుడివైపు జాగ్రత్తపడుతున్నాడు, అంతే. ఇంకొకాయన గొప్పకి పోయి తను మేనేజరునని రాయించుకున్నాడు. మర్నాటి నుంచి ఏదో ఆఫీసులో కూర్చుని, ఒక్క ముక్క అర్థంకాని ఫోన్లన్నీ ఎత్తుతున్నాడు, మనిషి సగమైపోయాడు. దాంతో టీచరుగారు ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్రతి గడీ పైకి చదువుతారు, ఎదుటి మనిషి అవునంటేనే కొడతారు. అడగనిది కొట్టరు, అడగనిది చెప్పరు కూడా.

కాజాలక్క ఆ కొట్టుకి వచ్చింది టూరిస్టు వీసా కోసం. ఒక టైలరు దుకాణంలో చొక్కాలకి కాజాలు కుట్టడం ఆమె పని. మొగుడు అదే దుకాణంలో కటింగ్ మాస్టరు. ఆమెకి ఒక్కగానొక్క చెల్లెలు. పరాయి దేశంలో, ఓ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. చెల్లెల్ని మొగుడు వదిలేసి పోయాడు, పిల్లల్లేరు. ఆదివారం ఆదివారం సాయంత్రం అక్కకి ఫోను చేస్తుంది. పోయిన ఆదివారం, తలలో గడ్డ ఉందన్నారనీ, ఇరవై రోజుల్లో ఆపరేషననీ చెప్పింది.

"భయంగా ఉందక్కా. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు నావాళ్ళంటూ ఒక్కళ్ళు కనబడితే చాలు."

"వస్తానే. నువ్వు కళ్ళు మూసేటప్పుడూ నేనే ఉంటా, తెరిచేటప్పుడూ నేనే ఉంటా," అంది అక్క.

మొదటి దరఖాస్తులో ఉన్నదున్నట్టు చెప్పింది. అక్కడ చెల్లెలుంది, దిగేది చెల్లెలింట్లో, వెళ్ళేది చెల్లెలి కోసం. ఐదో రోజుకి జవాబొచ్చింది, రెండే రెండు వరుసలు. ఆమె తిరిగి వస్తుందన్న నమ్మకం వాళ్ళకి కలగలేదట.

బెంచీ మీద వంతు కోసం కూర్చున్నవాళ్ళు ఆమెని చూసి నవ్వారు. అక్కడ చుట్టాలున్నారని ఎవరైనా రాస్తారా, ఇంత అమాయకురాలివేంటమ్మా అన్నారు. వీసాలకి ఐదేళ్ళుగా తిరుగుతున్న ఫొటోగ్రాఫరు, తనకి వీసా ఒక్కసారీ రాకపోయినా, ఎలా రాయాలో వివరంగా చెప్పాడు. బంధువులు లేరు, లాడ్జిలో దిగుతాను, నాలుగు ఊళ్ళు చూసి వచ్చేస్తాను. కటింగ్ మాస్టరుకి ఆ మాట బాగా నచ్చింది. చెల్లెలింటికి సరిగ్గా ఎదురుగా ఉన్న లాడ్జిలో గది ఖాయం చేయించాడు. ఆపరేషనుకి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

టీచరుగారు ఒక్కో గడీ చదువుకుంటూ వచ్చారు. "పదిహేడు. ఆ దేశంలో మీకు బంధువులెవరైనా ఉన్నారా?"

"లేరండీ."

ఆవిడ మీటల మీంచి చేతులు తీసేశారు. "నేను కొడితే ఏమవుతుందో తెలుసుగా?"

"తెలుసండీ," అంది కాజాలక్క. రాత్రంతా ఆలోచించుకునే వచ్చింది. "కాజా అంటే ముందు గుడ్డ కోయాల్సిందే కదా. కోశాకే చుట్టూ కుట్టి గట్టి చేస్తాం. ఇప్పుడు లేరని కొట్టండి. చుట్టరికం పోతే పోనీండి, మనిషి ఉంటుందిగా, వెళ్ళి పక్కన నిలబడతాను. తిరిగొచ్చాక ఇంకో దరఖాస్తులో చెల్లెలు ఒకతి అని కొట్టించుకుంటాను."

బెంచీ మీదవాళ్ళు ఆమె తెలివిని మెచ్చుకున్నారు. ఇరవై ఏళ్ళుగా ఆమె కోసిన ప్రతి కాజా చుట్టూ కుట్టింది, ఒక్కటీ మరిచిపోలేదు. ఆ ధీమాతోనే అవునంది. పద్దెనిమిదో గడి, ప్రయాణ కారణం: ఊళ్ళు చూడడానికి. అవును. ఆవిడ ఆఖరి బటన్ నొక్కారు.

కాజాలక్క చెంపలు తడిగా ఉన్నాయి. తుడుచుకుని, వేళ్ళ వంక చూసుకుని, కంట్లో నలుసేదో పడ్డట్టుందంది.

"అయిపోయిందా టీచరుగారూ? పక్క ఊరైనా చూడనిదాన్ని, నాకు ఇంత సరదా ఎలా పుట్టిందో." సంబరంగా నవ్వింది కూడా.

టీచరుగారికి అంతా గుర్తే. ఆవిడ కొట్టింది ఆవిడ మరిచిపోరు. ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, తర్వాతివాళ్ళని పిలిచారు. పద్ధతి పద్ధతే కావచ్చు, కానీ ఆవిడ మీద నాకు కోపం ఇవాళ్టికీ పోలేదు.

నాలుగో రోజుకి వీసా వచ్చింది. ఇన్నేళ్ళూ నడుం వంచి కుట్టింది, కాస్త తిరిగి రానీ అని కటింగ్ మాస్టరు అందరికీ చెప్పుకున్నాడు. ఆదివారం సాయంత్రం కాజాలక్క పని పక్కనపెట్టి ఫోను దగ్గర కూర్చుంది. ఎవరైనా చేస్తారా అని మొగుడు అడిగితే, లేదు, ఊరికే అంది. అక్కడ ఆ దేశంలో ఒకామె కూడా ఫోను చేతిలో పట్టుకుని, అందులోని పేర్లన్నీ మొదట్నుంచి చివరిదాకా చూసి, పక్కన పెట్టేసింది.

కాజాలక్క లాడ్జిలో దిగి మూడు రోజులు హాయిగా తిరిగింది. మ్యూజియం చూసింది, పడవెక్కింది. నాలుగో రోజు పొద్దున్న ఎదురింటి ఆకుపచ్చ తలుపు నచ్చి, దాని ముందు ఫొటో దిగుదామనుకుంది. అప్పుడే ఆ తలుపు తీసుకుని ఒకామె చిన్న సంచీతో బయటికొచ్చింది. గుండు మీద గుడ్డ కట్టుకుంది. కాజాలక్క ఫోను చూపించి సైగ చేయబోతే, ఆమె తెలుగులోనే పలకరించింది.

"ఊళ్ళు చూడ్డానికొచ్చారా? అదృష్టవంతులు."

"మీరెక్కడికండీ, సంచీతో?"

"ఆస్పత్రికి. ఇవాళ ఆపరేషను."

"తోడెవరూ లేరా?"

"నాకెవరూ లేరండీ."

అయ్యో అంది కాజాలక్క, ఎవరైనా అనేదే. "నేనైనా వచ్చేదాన్ని. కోట చూడ్డానికి పదింటి బస్సుకి టికెట్టు తీసుకున్నాను."

"ఫరవాలేదండీ. కొంచెం ఇటు జరగండి. నవ్వండి."

ఫొటో తీసి, ఫోను ఇచ్చేసి, ఆమె ఎడమవైపు వెళ్ళింది. బస్టాండు కుడివైపు.

ఊరికి తిరిగొచ్చాక కాజాలక్క ఆ ఫొటోని టీచరుగారి కొట్టులోనే ప్రింటు వేయించుకుంది. టీచరుగారు దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇంకేమైనా దరఖాస్తు ఉందా? ఏమైనా కొట్టాలా?" ఆవిడ తనంతట తాను అలా అడగడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ఏం లేదండీ. ఇది చాలు."

ఇంటికి తెచ్చి మొగుడికి చూపించింది. నవ్వు బాగా వచ్చిందన్నాడు. కాకపోతే తీసినవాళ్ళెవరోగానీ పనితనం తెలియదు, తమ నీడ నీ పాదాల దాకా పడనిచ్చారు అన్నాడు. కత్తెర తీసుకుని, నీడ ఉన్నంతవరకూ వంకర లేకుండా కోసేసి, మిగిలింది గోడకి అంటించాడు.