వేపచెట్లకు అమ్మోరు

"సంగటి నేను కెలుకుతాలే. నువ్వు ముందు ఈ మజ్జిగ కొండకాడికి మోసకపో" అంది అత్త.

మా సోమందేపల్లె కొండవాలులో వనసంరక్షణ సమితి నాటించిన వేపతోపు ఆ ఏడు కొనల్లో మాడసాగింది. ఆకు ఎర్రబారి, రెమ్మ మీద బంక కారి, పైనుంచి కిందికి ఎండుతోంది. చెట్లకు అమ్మోరు పోసిందని ఊరంతా ఒకటే మాట. అమ్మోరు పోసిన ఇంట్లో తిరగమాత వేయరు, కత్తిపీట ముట్టరు. కాబట్టి చెట్టుకూ కొడవలి తగలకూడదట. మజ్జిగ పోసి శాంతింపజేయాలట. ఆ తీర్మానం చేసింది మగవాళ్లు, బిందెలు మాత్రం మా నడుముల మీద.

సమితిలో ఆడవాళ్లుండాలని రూలు. అందుకే మల్లీశ్వరి అని నా పేరు రాసి, మీటింగులో నా మొగుడు తిప్పేస్వామి కూర్చుంటాడు. తోపు తిరిగి చూసేది నేను. రెండు ఎండాకాలాలు ఆ మొక్కలకు నీళ్లు మోసిందీ నేనే. ఫారెస్టు గార్డు ఓబుళేసన్న లేత కొనలు పీల్చే దోమలాంటి ఎర్ర పురుగును నాకు చూపించాడు.

"మాడినకాడికి కాదమ్మా, ఇంకా కింద పచ్చి కట్టెలో కొయ్యల్ల. కోసింది ఆడనే కాల్చల్ల. వాన పడిందంటే తెగులు తోపంతా పాకుతాది."

ఇంటికొచ్చి చెప్తే తిప్పేస్వామి గయ్యిమన్నాడు. "కొడవలి పెడితే ఊరు నన్ను తంతాది. నోర్మూసుకోని మజ్జిగ పొయ్."

పోశాను. చెట్లు ఎండుతూనే ఉన్నాయి. ఇక తప్పు ఎవరి నెత్తినో వేయాలి కదా.

"ఇది ముట్టుతోనే చెట్ల మధ్య తిరిగింటాది. అమ్మోరికి కోపం రాదా?" అంది అత్త, పదిమందిలో.

అబద్ధం అనబోయాను. అప్పటికే తిప్పేస్వామి నా తరఫున లెంపలేసుకున్నాడు. మీటింగులో కూర్చునేదీ నా తరఫునే, తప్పు ఒప్పుకునేదీ నా తరఫునే! ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

ఆ వారంలోనే బయట చేరాను. ఇంటి వెనక రేకుల కొట్టంలో చాప, చెంబు, పళ్లెం. ముద్ద దూరం నుంచే పడింది. పెనుకొండ వైపు మబ్బు కమ్ముతోంది. కడుపునొప్పి కంటే ఆ మబ్బే నన్ను ఎక్కువ భయపెట్టింది. వాన పడితే తోపు దక్కదు. కానీ ఈ మూడు దినాలు నాకు పొయ్యి లేదు, బిందె లేదు, బర్రె లేదు. పెళ్లయ్యాక నెలకోసారి దొరికే తీరికంతా ఇదే. దాన్ని ఇన్నేళ్లూ చాప మీద కూర్చుని, తల దించుకుని గడిపేశాను.

చూరులోని కొడవలి, అగ్గిపెట్టె తీసుకుని బయటికి వచ్చాను. అత్త కేకలు పెట్టింది. జనం మూగారు. తిప్పేస్వామి పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"యాడికే పోతాండావు? కొడవలి ఈడ పెట్టు!"

లాక్కోవడానికి చెయ్యి చాచాడు. నా చేతిదాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది.

"పట్టుకో. అందరూ చూస్తాండారు, పట్టుకోని ఆపు" అన్నాను.

అతను పక్కకు తప్పుకున్నాడు. నా నీడ కూడా తగలకుండా జనమంతా జరిగారు. పుట్టి బుద్ధెరిగాక నాకు ఇంత దారి ఎవరూ ఇవ్వలేదు.